రాతకు కొన్నాళ్లు విరామం: ఎలా ఆపాలి, మళ్లీ ఎలా మొదలుపెట్టాలి

హనుమకొండ, కాజీపేట, జనగామ, కరీంనగర్, జగిత్యాల... ఎక్కడ చూసినా మన దగ్గర రాసేవాళ్లలో ఎక్కువమందికి రాత బతుకుతెరువు కాదు. బడిలో పాఠాలు చెప్పి, బ్యాంకులో కౌంటర్ మూసి, దుకాణం షట్టర్ దించి, ఇంట్లో అందరికీ అన్నాలు పెట్టి, ఆ తర్వాత మిగిలిన గంటలో రాస్తారు. అది కథ కావచ్చు, ఆదివారం అనుబంధానికి వ్యాసం కావచ్చు, యాప్‌లో వారం వారం పెట్టే సీరియల్ కావచ్చు. ఆ ఒక్క గంట కోసం నిద్ర తగ్గించుకుంటారు, పెళ్లిళ్లూ పేరంటాలూ వదులుకుంటారు. కొన్నేళ్లు ఇలా సాగాక యాష్ట వస్తుంది. ల్యాప్‌టాప్ తెరవబుద్ధి కాదు. తెరిచినా నాలుగు లైన్లు కొట్టి చెరిపేస్తారు.

అప్పుడు చాలామంది పళ్లు బిగపట్టి రాస్తూనే ఉంటారు. రాసింది వాళ్లకే నచ్చదు. ఇంకొందరు చెప్పాపెట్టకుండా ఆపేస్తారు. వారం అనుకున్నది ఏడాది అవుతుంది, ఆ తర్వాత మొహమాటం అడ్డొచ్చి తిరిగి రారు. రెండు మూడు మంచి కథలు రాసి కనబడకుండా పోయినవాళ్లు మీకు తెలిసే ఉంటారు. వాళ్లకు చేవ లేదని నేను అనుకోను. ఆగడానికి కూడా ఒక పద్ధతి ఉంటుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. విరామానికి మొదలు, నడిమి, చివర మూడూ ఉండాలి. మూడూ మీరే నిర్ణయించాలి.

మొదట, మీకొచ్చింది ఏ అలసటో తేల్చుకోండి

అలసటలన్నీ ఒకటి కావు. మందు మారితే జబ్బు తగ్గదు.

కథ ఒకచోట ముడి పడి ఉండొచ్చు. పాత్ర ఇంటి గడప దాకా వచ్చింది, లోపలికి వెళ్లాలో వెనక్కి తిరగాలో మీకు తెలియడం లేదు. మిగతా అంతా బాగానే ఉంది, రాయాలన్న ఆశా ఉంది. ఇది ముడి.

లేదా ఒంటి అలసట. కళ్లు మంట, మెడ నొప్పి, మణికట్టు తిమ్మిరి, రాత్రి పన్నెండు దాకా కూర్చుని పొద్దున్నే డ్యూటీకి పరుగు. రెండు రాత్రులు కడుపునిండా నిద్రపోయాక మళ్లీ రాయాలనిపిస్తే మీకు కావాల్సింది నిద్ర.

మూడోదే అసలు యాష్ట. నిద్రపోయినా పోదు. మీ పాత కథను ఎవరో మెచ్చుకుంటే సంతోషం రాదు. ఇతరుల పుస్తకాలు చదవబుద్ధి కాదు. "ఎందుకు రాయాలి, ఎవరు చదువుతారు" అన్న మాట రోజూ నోట్లో మెదులుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఉద్యోగాల గురించి చెప్తూ బర్నౌట్‌కు మూడు గుర్తులు ఇచ్చింది: సత్తువ ఉడిగిపోవడం, చేసే పని మీద మనసు విరిగిపోవడం, ఎంత చేసినా ఏమీ చేయలేకపోతున్నామనిపించడం. వాళ్లు చెప్పింది ఉద్యోగం గురించే అయినా, వారం వారం ఎపిసోడ్ ఇచ్చే రచయితకు ఈ మూడూ బాగా తెలుసు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. రాతే కాకుండా తిండి, నిద్ర, మనుషులు, ఏదీ రుచించకుండా వారాల తరబడి ఉంటే, బతుకు మీదే విసుగు పుడుతుంటే, అది రాతకు సెలవు ఇచ్చినంత మాత్రాన తగ్గేది కాదు. డాక్టర్‌ను కలవండి. టెలి మానస్ నంబర్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు కట్టే పని లేదు, రాత్రి పగలు ఎప్పుడైనా ఎత్తుతారు. ఈ సంగతి ఇంట్లో ఒకరికైనా చెప్పండి.

ముడి పడితే చిన్న విరామం చాలు

పోతన సంగతి మన దగ్గర తెలియనివాళ్లు లేరు. గజేంద్రుడి మొర విన్న విష్ణువు వైకుంఠంలో ఎక్కడ, ఎలా ఉన్నాడో చెప్పే పద్యం మొదలుపెట్టి, ముందుకు సాగక, గంటం పక్కన పెట్టి బయటికి వెళ్లిపోయాడట. తిరిగొచ్చేసరికి పద్యం పూర్తయి ఉందట. రాముడే పోతన రూపంలో వచ్చి రాశాడని పెద్దలు చెప్పుకుంటారు. నమ్మకం సంగతి అలా ఉంచి, రాసేవాళ్లు ఇందులో గమనించాల్సింది ఒకటుంది. పద్యం సాగనప్పుడు ఆయన అక్కడే కూర్చుని తల బద్దలు కొట్టుకోలేదు. ఆయన ఊరు బమ్మెర మన పక్కనే, జనగామ జిల్లాలోనే ఉంది. ఈ కథను మన నేల ఇన్ని తరాలు దాచుకున్నదంటే ఈ బాధ చాలామంది ఎరిగిందే అయి ఉండాలి.

దీన్నే ఇంగ్లండ్ పండితుడు గ్రాహం వాలస్ 1926లో ఇంకో విధంగా చెప్పాడు. కొత్త ఆలోచనకు నాలుగు దశలుంటాయన్నాడు: ముందు సామగ్రి సమకూర్చుకోవడం, తర్వాత దాన్ని మనసులో నాననివ్వడం, తళుక్కున తోచడం, తోచింది నిలుస్తుందో లేదో సరిచూడడం. రెండో దశలో మనిషి వేరే పనిలో ఉంటాడు, లోపల పని మాత్రం సాగుతూనే ఉంటుంది. అయితే మొదటి దశ జరగకుండా రెండోది రాదు. రెండు పేజీలు కూడా రాయకముందే "నాననిస్తున్నా" అంటే నానడానికి అక్కడ ఏమీ ఉండదు. కథతో కుస్తీ పట్టి, రెండు మూడు దారులు రాసి చూసి, ఏదీ కుదరలేదని తేలాక ఆగండి. ఒకటి నుంచి మూడు రోజులు చాలు. ఆ రోజుల్లో ఇంకో కథ మొదలుపెట్టొద్దు.

తేదీలు రాసుకోండి

మొదటి రోజు, చివరి రోజు రెండూ క్యాలెండర్ మీద రాయండి. గోడ మీది క్యాలెండర్ అయితే ఇంకా మంచిది, ఇంట్లోవాళ్లకూ కనబడుతుంది.

ఎన్నాళ్లు అని అడిగితే నేను చెప్పేది ఇది. ఒక కథ పూర్తి ప్రతి అయ్యాక, దిద్దడానికి ముందు, మూడు నాలుగు వారాలు దాన్ని ముట్టుకోవద్దు. నవల అయితే రెండు నెలలు. యాష్టకు ఆరు వారాల నుంచి మూడు నెలలు. మూడు నెలలు దాటితే చెయ్యి మొద్దుబారుతుందని నా నమ్మకం. అంతకన్నా ఎక్కువ కావాలంటే, మూడు నెలలయ్యాక మళ్లీ కొత్త తేదీ రాసుకోండి. తేదీ లేని విరామాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

ఏ రోజులు అన్నది ఇంకా ముఖ్యం. మన ప్రాంతంలో రాసేవాళ్లలో టీచర్లు చాలామంది. మార్చిలో పరీక్షలు, ఏప్రిల్‌లో స్పాట్ వాల్యుయేషన్. ఆ రోజుల్లో ఎలాగూ రాత సాగదు. దానికి బాధపడే బదులు ఆ ఆరు వారాలనూ ముందే విరామంగా రాసిపెట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది. ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా బడులకు సెలవులు, అవి రాతకు వాడుకోవచ్చు.

పండగల్లో సెలవు పెట్టుకోమని చాలామంది చెప్తారు. మగవాళ్లకు అది కుదరొచ్చు. ఆడవాళ్లకు చెప్పేముందు మాత్రం బతుకమ్మ తొమ్మిది రోజులు ఇంట్లో ఏం జరుగుతుందో చూడాలి. ఎంగిలిపూల నాడు మొదలైతే సద్దుల దాకా ఇల్లు కడగడం, ఆడబిడ్డలు పిల్లలతో దిగడం, పొద్దున్నే తంగేడు, గునుగు తెప్పించి పేర్చడం, చివరి రోజు పెరుగు సద్ది, చింతపండు సద్ది, నువ్వుల సద్ది, మలీద. ఎంతో సంబురంగా ఉంటుంది, నిజమే. సాయంత్రం పదిమందితో చుట్టూ తిరుగుతూ పాడే ఆ గంట మనసుకు మంచి మందు కూడా. కానీ ఆ తొమ్మిది రోజులూ నడుము మీద పడే పని తక్కువేమీ కాదు. అక్కడ రాత ఆగుతుంది, మనిషి మాత్రం ఆగదు. కాబట్టి రాసే ఆడవాళ్లు పండగను విరామంలో లెక్క వేసుకోవద్దు. పండగ అయ్యాక, చుట్టాలు వెళ్లిపోయాక, ఒక వారం పది రోజులు విడిగా పెట్టుకోండి. ఇంట్లో మగవాళ్లు ఇది చదువుతుంటే, ఆ పది రోజులు వంటింటి పని మీరు అందుకోండి. సమ్మక్క సారలమ్మ జాతరకు పోయి వచ్చాక కూడా ఇంతే. నాలుగు రోజుల మొక్కులు, జనం, ప్రయాణం అయ్యాక మేడారం నుంచి వచ్చినవాళ్లు ముందు పడుకోవాలి.

ఆపే ముందు అరగంట కూర్చుని ఒక చీటీ రాయండి

ఈ మొత్తం పద్ధతిలో ఒక్కటే చేయగలిగితే ఇదే చేయండి. విరామం తర్వాత తిరిగి రాలేకపోవడానికి పెద్ద కారణం, కథ ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో గుర్తులేకపోవడం. రెండు నెలల తర్వాత ఫైల్ తెరిస్తే అది ఎవరో పరాయివాళ్లు రాసినట్టుంటుంది. మొదటి నుంచి చదువుతారు, ప్రతి వాక్యం తప్పుగా కనబడుతుంది, మూసేస్తారు. చీటీ ఉంటే అలా జరగదు.

మిర్చి రైతు మీద కథ రాస్తున్నారనుకుందాం. చీటీ ఇలా ఉండొచ్చు:

"కథకు పేరు ఇంకా లేదు. ఆరు పేజీలయింది. మల్లయ్య తేజ రకం మిర్చి బస్తాలతో రాత్రి ఎనుమాముల మార్కెట్ చేరాడు. బస్తాల మీదే పడుకున్నాడు. తెల్లారింది, జెండా పాట ఇంకా మొదలు కాలేదు. ఇక్కడ ఆగాను.

తర్వాత జరగాల్సింది: అడ్తిదారు వచ్చి బస్తాలోంచి కాయ తీసి విరుస్తాడు. ధర చెప్పడు, తాలు కాయ ఎక్కువుందంటాడు. మల్లయ్య ఎదురు మాట్లాడడు. ఎందుకు మాట్లాడడో పాఠకుడికి అర్థం కావాలి (పాత అప్పు).

తేలని సంగతి: కొడుకు ఫోన్ మార్కెట్‌లో ఉండగా రావాలా, ఇంటికి పోయేటప్పుడు ఆటోలో రావాలా? ఆటోలో అయితే మంచిదేమో.

మార్చాల్సింది: రెండో పేజీలో వాన మరీ ఎక్కువైంది. భార్య మాటలు పుస్తకంలో మాటల్లా ఉన్నాయి.

కనుక్కోవాల్సింది: తూకంలో తరుగు ఎలా తీస్తారు? రాత్రి పూట రైతులకు అక్కడ నీళ్లు, తిండి ఎక్కడ?

నాకు నచ్చినది: బస్తా కుట్టు మీద చెయ్యి పెట్టుకుని నిద్రపోవడం. దీన్ని తీసేయొద్దు."

ఈ చివరి లైన్ తప్పకుండా ఉండాలి. యాష్టలో ఉన్న మనిషి తిరిగొచ్చి అంతా చెరిపేయాలనుకుంటాడు. ఇష్టంగా రాసిన చోటు ఏదో చీటీ గుర్తుచేస్తుంది. కాగితం మీద రాసి, ప్రింట్ తీసిన పేజీలకు పిన్ను కొట్టి, ఒక కవర్లో పెట్టండి. ఫైల్‌ను మీకే ఒకసారి మెయిల్ చేసుకోండి. ఆ కవర్‌ను బల్ల మీద ఉంచొద్దు, బీరువాలో పెట్టండి.

చెప్పాల్సినవాళ్లకు చెప్పండి

ఎడిటర్‌కు చెప్పకుండా మాయమైతే మీ తర్వాతి రచన మీద నమ్మకం పోతుంది. చెప్పి ఆగితే ఎవరూ ఏమీ అనుకోరు. పెద్ద ఉత్తరం అక్కర్లేదు, కారణాలు ఏకరువు పెట్టక్కర్లేదు.

"నమస్తే సార్. సీరియల్ తర్వాతి రెండు భాగాలు దీనితో పంపుతున్నాను. ఆ తర్వాత నాలుగు వారాలు విరామం తీసుకుంటున్నాను. జులై మొదటి వారం భాగం సమయానికి అందిస్తాను. ఈలోపు ప్రూఫులు ఏమైనా ఉంటే ఆదివారం చూసి పంపుతాను."

ఇంతే. ఎంత కాలమో, మళ్లీ ఎప్పుడో తెలిస్తే వాళ్లు ఆ స్థలంలో ఇంకేదో వేసుకుంటారు. యాప్‌లో రాసేవాళ్లు పాఠకులకు కూడా ఇలాగే ఒక చిన్న మాట పెట్టండి. కొందరు అలుగుతారు. మీ కథ నచ్చినవాళ్లు తేదీ గుర్తుపెట్టుకుంటారు.

ఇంట్లో చెప్పడం ఇంతకన్నా కష్టం. "రాస్తలేవు కదా వదినా, పిల్లగాణ్ని ట్యూషన్‌కు నువ్వు దింపరాదు" అంటారు. అడిగినవాళ్ల తప్పు లేదు. ఖాళీగా కనబడిన మనిషికి పని చెప్పడం ఇళ్లల్లో మామూలే. కానీ ఆ గంట ఒక్కసారి చేజారితే విరామం అయ్యాక తిరిగి దక్కదు. అందుకే రాత్రి తొమ్మిది నుంచి పది దాకా మీరు రాసే వేళ అయితే, విరామంలోనూ ఆ గంట మీదే. పడుకోండి, డాబా మీద కూర్చోండి, పాటలు వినండి, ఊరికే ఉండండి. "నేను రాస్తలేను గానీ ఈ గంట నాకు కావాలె" అని మొదటి రోజే నిమ్మళంగా చెప్పండి.

ఇక, విరామంలో ఏం చేయాలి

మొదటి వారం నిద్ర, కళ్లు, చేతులు. రాత మానేసిన గంటను ఫోన్‌కు ఇస్తే ఒంటికి ఏ మేలూ జరగదు. ఆఫీసులో ఎలాగూ స్క్రీన్ తప్పదు కాబట్టి ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్న దేన్నైనా ఇరవై సెకన్లు చూడమని కంటి డాక్టర్లు చెప్పే పద్ధతి పాటించండి. మణికట్టు నొప్పి వారమైనా తగ్గకపోతే చూపించుకోండి.

తర్వాత నడక. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ప్రచురించిన పరిశోధనలో, కూర్చున్నప్పటికన్నా నడిచేటప్పుడు కొత్త ఆలోచనలు సగటున 60 శాతం ఎక్కువగా వచ్చాయని తేలింది. గోడకేసి చూస్తూ ట్రెడ్‌మిల్ మీద నడిచినా మేలు కనబడింది, నడిచి వచ్చి కూర్చున్నాక కూడా ఆ ఊపు కాసేపు ఉంది. అయితే ఒక్కటే సరైన జవాబు ఉండే లెక్కల్లాంటి పనికి నడక పనికిరాలేదు. కాబట్టి ప్రూఫులు దిద్దడం కూర్చునే చేసుకోండి.

వరంగల్‌లో నడకకు చోటు వెతుక్కోనక్కర్లేదు. భద్రకాళి బండ్ ఉంది, వడ్డేపల్లి చెరువు కట్ట ఉంది, ఖిలా వరంగల్‌లో మట్టికోట పక్కన ఎంత దూరమైనా నడవొచ్చు. మే నెలలో 44 డిగ్రీలు దాటే ఎండలుంటాయి, పొద్దున ఏడులోపే ఇంటికి చేరండి. ఇయర్‌ఫోన్లు పెట్టుకోవద్దు. నోట్‌బుక్ తీసుకెళ్లొద్దు. ఏదైనా తోస్తే తోచనివ్వండి, ఇల్లు చేరేదాకా గుర్తుంటే ఒక్క లైన్ రాసుకోండి, అంతకుమించి వద్దు.

ఒకటి రెండు రోజులు ఊరు దాటండి. నర్సంపేట దాటి పాకాలకు పోవచ్చు, గణపతిదేవుడి కాలంలో తవ్వించిన చెరువు. పాలంపేటలో రామప్ప ఉంది. 1213లో కట్టిన ఆ గుడికి యునెస్కో గుర్తింపు 2021లో వచ్చింది కాబట్టి ఇప్పుడు సెలవు రోజుల్లో జనం ఎక్కువ, మామూలు రోజున వెళ్లండి. గుడి చూశాక పక్కనే ఉన్న చెరువు కట్ట మీద చాలాసేపు కూర్చోండి. దయచేసి అక్కడి నుంచి యాత్రా వ్యాసం రాసుకు రావొద్దు. చూసిన ప్రతిదాన్నీ రాతకు సరుకుగా మార్చే అలవాటే మనల్ని సగం అలసిపోయేలా చేస్తుంది. ఒక శిల్పాన్ని పేరు పెట్టకుండా, పోలిక వెతక్కుండా చూడడం రచయితకు చాలా కష్టం. ఆ కష్టం విరామంలోనే పడాలి.

రెండో నెలకు చదవబుద్ధి పుడుతుంది. మీరు రాసేదానికి దూరంగా ఉండేవి చదవండి. కథలు రాసేవాళ్లు చరిత్ర, వ్యవసాయం, వైద్యం చదవండి. కవులు నవలలు చదవండి. హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయం 1904లో మొదలైంది. నిజాం పాలనలో తెలుగు చదువుకు ఆదరువు లేని రోజుల్లో నిలబెట్టిన గ్రంథాలయం. అలాంటి చోట ఏ పని మీదా కాకుండా అరల మధ్య తిరిగి, చేతికందింది తీసి చదవడం ఫోన్‌లో చదివినట్టుండదు. ఎక్కడైనా ఒగ్గుకథ చెప్తున్నారంటే రాత్రంతా కూర్చుని వినండి. కథ ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ డోలు మోగించి దాటేయాలో ఆ కళాకారులకు తెలిసినంత బాగా మనకు తెలియదు.

నడిమిలో ఒకసారి పూడిక తీయాలి

విరామం సగమయ్యాక, కాస్త ఓపిక వచ్చాక, ఒక పూట ఈ పనికి కేటాయించండి. 2024 చివర్లో భద్రకాళి చెరువు నీళ్లు వదిలేసి పూడిక తీసే పని మొదలుపెట్టారు కదా. చెరువు నిండుగా ఉంటే అడుగున ఏం పేరుకుందో కనబడదు. వారం వారం రాస్తున్నప్పుడు మన పరిస్థితి కూడా అదే, అడుగున ఏముందో చూసుకునే తీరిక ఉండదు.

సగం రాసి వదిలేసినవన్నీ ఒకచోటికి తెండి. ఫోన్‌లో నోట్సు, డైరీలు, కంప్యూటర్‌లో ఫైళ్లు, పాత కవర్లు. ఒక్కోదానికీ ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది రాయాలని ఇప్పటికీ ఉందా? ఉన్నవి ఒక పక్క పెట్టండి. లేనివి వేరే పెట్టెలో వేసి అటక ఎక్కించండి, చింపేయక్కర్లేదు. సాధారణంగా ఉంచేవి రెండు మూడుకు మించవు. ఆ మూడింటి కోసమే మీరు తిరిగి వస్తున్నారు.

తర్వాత మాట ఇచ్చినవి చూడండి. సన్మాన సంచికకు వ్యాసం, మిత్రుడి కవితా సంపుటికి ముందుమాట, పుస్తకావిష్కరణలో ప్రసంగం, రెండు పోటీలు, నాలుగు వాట్సాప్ గ్రూపులు. మన దగ్గర మొహమాటం చంపినంతమంది రచయితలను విమర్శకులు కూడా చంపలేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకోండి, కానీ కొత్త మాట ఇవ్వడం ఆపండి. "ఈ ఏడాది ముందుమాటలు రాయడం లేదు అన్నా, ఏమనుకోవద్దు" అని చెప్పడం నేర్చుకోవాలి. దసరా, దీపావళి, ఉగాది, సంక్రాంతి, అన్ని కథల పోటీలకూ పంపాలన్న నియమమేమీ లేదు. ఏడాదికి ఒకటి ఎంచుకోండి. గడువు తేదీ చూసి పుట్టిన కథ ఎలా ఉంటుందో చదివేవాళ్లకు తెలిసిపోతుంది.

ఫోన్ సంగతి పొడుగ్గా చెప్పను. మీరు రాసే యాప్‌ను విరామం పూర్తయ్యేదాకా ఫోన్ నుంచి తీసేయండి. ఎంతమంది చదివారో చూసుకోవద్దు. బహుమతుల జాబితాలు చూడొద్దు.

తప్పు చేస్తున్నామనిపిస్తే

అనిపిస్తుంది. "నిజామాబాద్ జైల్లో దాశరథి బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశాడు, నాకేమో మూడు నెలల సెలవు కావాలా" అనుకుంటారు. ఆయన రాసింది నిజాం మీద పోరాటం సాగుతున్న రోజుల్లో. కాగితం కలం లేకపోయినా మాట లోపల ఆగలేదు కాబట్టి గోడ మీదికి వచ్చింది. మీకూ అలా ఆగని మాట ఉంటే, విరామం మధ్యలోనైనా సరే, రాసేయండి. ఏ తేదీ దానికి అడ్డు కాదు. కానీ ఆ ఉదాహరణ చూపించి, వారం వారం ఎపిసోడ్ కోసం ఒంటిని హూనం చేసుకోవడం సరికాదు. ఆ గోడ మీది పద్యం వెనక ఉన్నది గడువు తేదీ కాదు కదా.

రాతే జీవనాధారమైనవాళ్ల మాట వేరు. పత్రికలో పనిచేసేవాళ్లు, డబ్బింగ్‌కు, సీరియళ్లకు మాటలు రాసేవాళ్లు, కంటెంట్ రైటర్లు నెలలు ఆగలేరు, ఆగితే ఇల్లు గడవదు. వీళ్లకు చిన్న విరామాలే దారి. వారానికి ఒక రోజు ఒక్క అక్షరం కూడా కొట్టని రోజుగా పెట్టుకోండి, ఆ రోజు మారకూడదు. ఓపిక ఉన్న వారంలో ఒక భాగం అదనంగా రాసి దాచుకుంటూ పోతే, మూడు నాలుగు జమయ్యాక ఎవరికీ ఇబ్బంది లేకుండా రెండు వారాలు దొరుకుతాయి. అది కూడా కుదరకపోతే, డబ్బు కోసం రాసేది ఆపకుండా, రాత్రిళ్లు సొంతంగా రాసుకునేదాన్ని కొన్నాళ్లు ఆపండి. రెండూ ఒకే చేతి మీద పడుతున్నప్పుడు ఒకటి దించక తప్పదు.

తిరిగి వచ్చే రోజు

తేదీ వచ్చింది. రాయాలన్న ఉత్సాహం పొంగుతూ ఉండాలని చూడకండి, చాలామందికి అలా ఉండదు. భయం ఉంటుంది. కాబట్టి మొదటి రోజు కొత్తగా ఏమీ రాయొద్దు. బీరువాలోంచి కవర్ తీయండి. ముందు చీటీ చదవండి. తర్వాత కథలో చివరి ఒక్క పేజీ చదవండి, మొదటి నుంచి చదవొద్దు. ఆ చివరి పేజీని చేత్తో తెల్ల కాగితం మీద తిరిగి రాయండి. రాస్తుంటే ఒకచోట మాట మారుతుంది, ఇంకోచోట వాక్యం తెగుతుంది. మారనివ్వండి. అరగంట కాగానే లేవండి.

రెండో రోజు ఆ పేజీని పైకి చదవండి. కొత్త పేరా ఒకటి రాయండి, చాలు. మల్లయ్య కథ అయితే అడ్తిదారు కాయ విరిచే దాకా వచ్చి ఆగండి. తర్వాత ఏం జరుగుతుందో తెలిసి ఉండగానే ఆపాలని అమెరికా రచయిత హెమింగ్వే చెప్పేవాడు. మరుసటి రోజు ఖాళీ కాగితంతో కుస్తీ ఉండదు, తెలిసినదాన్ని రాయడంతోనే మొదలవుతుంది. మొదటి వారమంతా ఇంతే, రోజుకు అరగంట. ఒకరోజు బాగా సాగి గంటన్నర రాయాలనిపించినా అరగంటకే ఆపండి. రెండో వారంలో మీ పాత గంటకు వెళ్లండి. తీసేసిన యాప్ మూడో వారం దాకా ఫోన్‌లోకి రానక్కర్లేదు.

పది రోజులు ఇలా చేసినా మనసు కదలకపోతే కథను తప్పుపట్టొద్దు, మిమ్మల్నీ తప్పుపట్టుకోవద్దు. అటక మీద పెట్టకుండా ఉంచిన మిగతా రెండింట్లో ఒకదాన్ని తెరిచి అరగంట చూడండి. అదీ కదలకపోతే విరామాన్ని ఇంకోసారి పొడిగించండి, ఇంకో తేదీ వేసి. రాయకపోవడమే హాయిగా ఉందని అప్పటికీ అనిపిస్తే, బహుశా మీరు అలసింది రాత మీద కాదు, ఒక రకం రాత మీద. సీరియల్ వదిలి చిన్న కథ, కథ వదిలి జ్ఞాపకాలు, పిల్లల కోసం నాలుగు పేజీలు, ఇలా మార్చి చూడండి.

అంతా కుదిరి రాత మళ్లీ దారిలో పడితే, ఆ వారంలోనే క్యాలెండర్ తీసి తర్వాతి విరామం ఎప్పుడో రాసిపెట్టండి. టీచర్లయితే వచ్చే మార్చి దగ్గర.